బాప్తిస్మము తరువాత మిగిలిన భయము

(పెగడపల్లి కూటములో చేసిన ప్రసంగము)



 ఈ శతవార్షికోత్సవ సందర్భమున మాకిచ్చిన అంశము, విశ్వాసిని విడువని పాత జీవితమును గూర్చినది. ఇట్టి అంశము మీద మాటలాడువారు సాధారణముగా కల్లు, సారాయి, జూదము, బూతుమాట అను నాలుగింటిని వరుసగా చెప్పి ముగింతురు. అవి మన యిండ్లలో లేవని మేమనము. కాని పెగడపల్లి, గొల్లపల్లి, మల్యాల, ధర్మపురి దిక్కున సంఘస్థుల యిండ్లకు పోయినప్పుడు మాకు కనిపించిన పాత జీవితము వేరు. అది భయము. కల్లు మానినవారిని ఎందరినో చూచితిమి. భయము మానినవారు తక్కువ. కనుక ఈ దినము భయమును గూర్చియే మాటలాడుదుము.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు సంగతి యున్నది. మంత్రవిద్య అభ్యసించినవారు తమ పుస్తకములు తెచ్చి అందరి యెదుట కాల్చివేసిరి. లెక్క చూడగా వాటి వెల ఏబది వేల వెండి నాణెములైనది. ఇది ఆదివారపు బడిలో మనమందరము విన్న కథయే. అయితే ఆ పుస్తకములు తెచ్చినవారెవరు? అన్యులని చాలమంది అనుకొందురు. అధ్యాయమును నిదానముగా చదివినచో, అప్పటికే విశ్వసించినవారు వచ్చి తమ క్రియలను ఒప్పుకొనినట్లున్నది. పౌలు తురన్ను పాఠశాలలో రెండేండ్లు బోధించిన సంగతి దానికి పైననే వ్రాయబడినది. అనగా వాక్యము వినుచు, ప్రార్థన చేయుచు, ఇంట పెట్టెలో ఆ పుస్తకములను అట్లే ఉంచుకొనినవారు ఆ సంఘములో ఉండిరి. ఎందుకుంచిరి? వెల యెక్కువ గనుక అని కొందరందురు. మాకు తోచునది వేరు. అక్కర పడునేమోనని ఉంచిరి. ప్రభువు వినకపోతే? బిడ్డకు జ్వరము తగ్గకపోతే? ఆ ఒక్క "పోతే" కొరకు ఉంచిరి.

మన యిండ్లలో ఆ "పోతే" ఎక్కడ దాగియున్నదో తల్లులకు తెలియును. పసిబిడ్డ మొలత్రాటికి కట్టిన తాయెత్తులో ఉన్నది. గడపకు వ్రేలాడు నిమ్మకాయలో ఉన్నది. దుబాయికి, మస్కటుకు పోవు కొడుకు పెట్టెలో బైబిలు క్రింద మడిచిపెట్టిన నల్లదారములో ఉన్నది. ఆ దారము పెట్టిన తల్లిని మేము ఎగతాళి చేయము. ఏండ్ల తరబడి కొడుకు ముఖము చూడక, బీడీలు చుట్టుకొనుచు, ఫోను మ్రోగినప్పుడెల్ల గుండె గుభేలుమనుచు బ్రతుకు ఆడువారు ఈ జగిత్యాల, కోరుట్ల ప్రాంతములో ఇంటికొకరున్నారు. వారి భయము ఉత్త భయము కాదు. దానికి కారణమున్నది.

ఈ సంగతిని దాచక వ్రాసిన పుస్తకము ఒకటి మన ప్రక్క జిల్లాను గూర్చియే ఉన్నది. పి.వై. లూక్ గారు, తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయములో ఆచార్యులుగా ఉండిన జాన్ కార్మన్ గారు కలిసి, మెదకు జిల్లా వడియారము చుట్టునున్న పల్లె సంఘములను పరిశీలించి వ్రాసినది, 1968లో ఇంగ్లీషున వెలువడినది. గుడిలో ఒక పేరు, వాడలో ఒక పేరు. ఆదివారము ఆరాధన, రోగము వచ్చిననాడు పోచమ్మ. ఇట్టి రెండు పొరల జీవితమును వారు చూచినారు, వెక్కిరింపు లేక వ్రాసినారు. అది ఇప్పటి మాట కాదని మనలో ఎవరైన అనగలరా?

పేరు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పి పోవుదుము. రెండు పేర్లున్న ప్రతివాడును భయస్థుడు కాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులపు గుర్తింపు హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములో మాల మాదిగ బిడ్డ క్రైస్తవుడనని కాగితము మీద వ్రాయించినచో బి.సి. 'సి' లోనికి పోవును. అందున్న రిజర్వేషను ఒక్క శాతము. వాడకట్టు మారదు, బావి దగ్గరి మాట మారదు, కాగితము మాత్రము మారును. ఈ ముడి మన చేతులు వేసినది కాదు. కనుక రిజిస్టరులోని పేరును చూచి ఒకని విశ్వాసమును తూచు పెద్దలు కొంచెము ఆగవలెను.

ఇక పోచమ్మ మాట. మా చిన్నతనమునాటికి మశూచి ఇంకను ఊళ్లలో ఉండెను. ఒంటి మీద పొక్కులు లేచినచో అమ్మవారు పోసినదనిరి. వేపమండలు కట్టిరి, బోనమెత్తిరి, బైండ్లవానిని పిలిచిరి. మందు ఇచ్చినచో తల్లికి కోపము వచ్చునని టీకాల వారిని చూచి బిడ్డలను దాచినవారుండిరి. బిడ్డ బ్రతికినచో తల్లికి విడిచెదమని మ్రొక్కి, ఆ ఆడపిల్లను జోగినిని చేసిన కుటుంబములు నిజామాబాదు, కరీంనగరు జిల్లాలలో ఉండెను. దానిని నిషేధించు చట్టము 1988లో గాని రాలేదు. భయము పెద్దలది, వెల చెల్లించినది ఆడపిల్ల.

అటుపిమ్మట ఏమైనది? టీకాలు ఇల్లిల్లు తిరిగి వేసిరి. 1975 మే తరువాత మన దేశములో మశూచి రోగి ఒక్కడును లేడు. 1980లో లోకమంతట అది పోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఇప్పుడు వచ్చునది ఆటలమ్మ, తట్టు, వాటికి డాక్టరున్నాడు. మశూచి మచ్చలు గల ముఖము చూడని తరము పెద్దదై, వారి పిల్లలును పెద్దవారగుచున్నారు. అయినను ఒంటి మీద నాలుగు పొక్కులు కనబడగానే, బాప్తిస్మము పొందిన యింటిలో సహితము స్వరము తగ్గించి మాటలాడుదురు. కూర తాళింపు వేయరు. పాస్టరుగారు వచ్చు వేళకు వేపమండ తీసి గోడ ప్రక్కన పెట్టుదురు. రోగము పోయినది గాని దాని భయము మాత్రము ఇంటిలో తనకొక పీట వేసికొని కూర్చున్నది. కారణము పోయిన తరువాత కూడ నిలుచునది భయము. ఈ దినపు అంశమునకు ఇంతకంటె తగిన ఉదాహరణ మాకు దొరకలేదు.

వేపమండతో ఎవరికిని హాని లేదు. హాని చేయు భయము మరియొకటి యున్నది, దాని పేరు బాణామతి. 2022 జనవరిలో జగిత్యాల పట్టణములోనే, మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, అతని యిద్దరు కొడుకులను పదిమంది యెదుట పొడిచి చంపినారు. ఇది మారుమూల అడవిలో జరుగలేదు. మన ప్రాంతములో మంత్రగాడని అనుమానించినవాని పండ్లు ఊడగొట్టు అలవాటుండినది మీకు తెలియును. పండ్లు లేనివాడు మంత్రము పలుకలేడట. ఎవరి మీద ఈ నింద పడును? దొర మీద పడదు, సర్పంచి మీద పడదు. దిక్కులేని ముసలమ్మ మీద, విధవరాలి మీద, నాలుగు ఆకుపసరులు తెలిసిన ముసలివాని మీద పడును. భూమి తగాదా ఉన్న పాలివాని మీద పడును.

ఇందులో సంఘమునకేమి పని అందురేమో. పని యున్నది. మన పాటల కూటములలోనే, స్వస్థత ప్రార్థనలలోనే, "నీ మీద ఎవరో చేయించినారు, మీ దగ్గరి బంధువే" అని చెప్పు బోధకులను మేము విన్నాము. ఆ తల్లి ఇంటికి పోయి ఎవరిని తలచుకొనును? ఆడబిడ్డను, అత్తను, ప్రక్కింటి విధవను తలచుకొనును. ప్రార్థన పేరున ఒక మనిషి మీద వ్రేలు చూపించి పంపినట్లే గదా. అభిషేక తైలపు సీసా తాయెత్తు చోటును పుచ్చుకొన్నచో, పాత భయము క్రొత్త బట్ట కట్టుకొని మన గుడి గుమ్మమునుండియే లోపలికి వచ్చినది. క్రీస్తు సమస్త అధికారములను సిలువ మీద ఓడించెనని నమ్మువారమా, లేక బాణామతి కంటె కొంచెము బలమైన మంత్రము మన యొద్ద ఉన్నదని నమ్మువారమా? ఈ రెండు ఒకటి కావు.

భయమనగా దేవతల భయమే కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర చేసినారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. దానికి ముందు గడి యెదుట చెప్పులు చేతబట్టుకొని నడిచినవారి కొడుకులు, మనుమలు మన సంఘములో ఉన్నారు. గడులు పాడుబడినవి. తెల్లబట్టల మనిషి వచ్చినచో గబాలున లేచి నడుము వంచు అలవాటు ముసలివారిలో ఇంకను పోలేదు. పాస్టరు వచ్చినను అట్లే లేతురు. కొందరు పాస్టరులకు అది బాగుగనే యుండును.

కులమును గూర్చి ఈ దినము మాటలాడము. దానికి ఒక పూట చాలదు. మాల సంఘము, మాదిగ సంఘము అను మాట పెండ్లి సంబంధముల వేళ మన నోట ఎంత తేలికగా వచ్చునో మీకు తెలియును, మాకును తెలియును.

అయితే పాతదంతయు పాపమని మేము చెప్పుట లేదు. తొలితరమువారు డప్పు విడిచిరి. ఎందుకు విడిచిరి? ఊరిలో జాతర జరిగినను, చావు జరిగినను, పిలుపు వచ్చినచో పోక తప్పదు, అది వెట్టి. వారు విడిచినది తోలును కాదు, ఆ వెట్టిని. దెబ్బలు తిని, కూలి పోగొట్టుకొని విడిచిరి. వెట్టి పోయిన యీ కాలములో మన పిల్లవాడు ప్రభువు కొరకు డప్పు కొట్టినచో కొందరు పెద్దలు మొగము చిట్లించుట ఎందుకో మాకు అర్థము కాదు. బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి గారు జంధ్యము విడిచిరి గాని రాగతాళములు విడువలేదు. కనుకనే నేడు మన నోట ఆ కీర్తనలున్నవి. దోర్నకల్లులో అజరయ్య బిషపు గారు కట్టించి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దేవాలయములో తామరపూవు చెక్కడముండుట చూచినవారు మనలో ఉన్నారు. ఆ రాతిపూవు ఎవరిని భయపెట్టదు. మాకు తెలిసినంతలో గుర్తు ఇదియే: ఒక అలవాటు నిన్ను భయపెట్టి పట్టుకొని యున్నదా, లేక నీ తల్లి నేర్పిన పాట వలె నీతో నడుచుచున్నదా?

భయము ఎట్లు పోవును? కొందరు గురువులు బాప్తిస్మపు నీటి గట్టున కత్తెర పట్టుకొని తాయెత్తు తెంపుదురు. దారము తెగును. నెల తిరుగకముందే బిడ్డకు జ్వరము వచ్చినచో మరియొకటి కట్టుదురు, ఈసారి చొక్కా క్రింద. బేతనియలో ప్రభువు లాజరును సమాధినుండి పిలిచినప్పుడు అతడు ప్రేతవస్త్రములతోనే బయటికి వచ్చెను. పిలిచి లేపినది ప్రభువే. కట్లు విప్పు పనిని మాత్రము ప్రక్కన నిలిచిన మనుష్యులకు చెప్పెను. వారు ముట్టుకొనవలసినది నాలుగు దినముల శవపు గుడ్డలను. ఆ పని దూరమునుండి చేయుటకు వీలుకాదు.

కనుక తాయెత్తును గూర్చి తల్లిని గద్దించువారు, ఆ బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి ఆ యింట కూర్చుండవలెను. ప్రార్థన చేయవలెను, 108 బండికి ఫోను చేయవలెను, జగిత్యాల ఆసుపత్రికి తోడు పోవలెను, మందుల చీటీకి పైకము లేనిచో సంఘపు పెట్టె తెరువవలెను. ఒంటరి తల్లికి ఆ రాత్రి మనిషి తోడు దొరికినచో నల్లదారము అక్కర సగము తగ్గును. ఊరిలో ఒక ముసలమ్మ మీద మంత్రముల మాట పుట్టినచో, సంఘపెద్దలు నలుగురు పట్టపగలు, వాడంతయు చూచునట్లు ఆమె యింటికి పోయి ఆమె చేతి నీళ్లు త్రాగి, ఆమె పెట్టిన అన్నము తినవలెను. మాట ముదిరినచో పోలీసు స్టేషనుకు తామే ముందుగా పోవలెను. భయపడుచునే పోవలెను. గిద్యోను తన తండ్రి యింటి బయలు బలిపీఠమును పడగొట్టినది పగలు కాదు. ఇంటివారికి, ఊరివారికి భయపడి రాత్రివేళ పడగొట్టెను. వణుకుచు చేసిన ఆ పనిని దేవుడు లెక్కకు రాదనలేదు.

తాయెత్తులు తెంపుటకు ఈ వేదిక యొద్దకు మేము ఎవరిని పిలువము. ఎఫెసువారు తమంతట తామే తెచ్చిరి. ఎవరికైన మనస్సు కలిగినచో ఇంటికి పోయిన తరువాత, చీకటిలోనైనను సరే, తీసివేయవచ్చును. రేపు తీయలేకపోయినను ఆదివారము ఆరాధనకు రండి. గుమ్మము దగ్గర ఎవరును మీ మొలత్రాడు వెదకరు. ఇప్పుడు లేచి నిలిచి కీర్తన పాడుదము. వెనుక వరుసలోని తమ్ముళ్లు డప్పు తెచ్చినట్లు కనబడుచున్నది, వారిని ముందుకు రానీయండి.