పట్టణము చుట్టూ ఉన్న పొలము
(శతాబ్ది ఉత్సవముల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో దేవాలయములను గురించి, పాఠశాలలను గురించి, ఆసుపత్రులను గురించి ఎందరో చక్కగా మాట్లాడారు. నన్ను భూమిని గురించి మాట్లాడమన్నారు. భూమి అనగానే ఈ రోజుల్లో మనకు గజములే జ్ఞాపకము వస్తాయి. నేను ఎకరముల సంగతి చెబుతాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచింది. వేలాది మంది చనిపోయారు. మరుసటి ఏడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. నీరు ఊరిలోకి రాకముందే పైన ఆపాలని ఆయన సలహా. ఆ ప్రకారమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. వరదకు అడ్డుగా కట్టినవే నగరమునకు త్రాగునీరు కూడా ఇచ్చాయి. గండిపేట నీరు పల్లమునకు పారుతూ తనంతట తానే ఊరు చేరేది. ఇప్పుడు కృష్ణ నీటిని నూరు కిలోమీటర్లకు పైగా దూరము నుండి, కరెంటు ఖర్చు పెట్టి ఎత్తి తెచ్చుకుంటున్నాము.

చెరువంటే కట్ట, దాని వెనుక నీళ్ళు మాత్రమే కాదు. వాన పడే చేలు, బీళ్ళు, నీటిని మోసుకొచ్చే వాగులు కూడా చెరువులో భాగమే. దున్నిన నేల వానను పీల్చుకొని మెల్లగా వదులుతుంది. అదే నేల మీద సిమెంటు పోస్తే నీరు ఒక్కసారిగా ఉరుకుతుంది, లేదా వాగు పూడి చెరువుకు చేరనే చేరదు. ఈ కారణము చేతనే 1996 మార్చి 8న ప్రభుత్వము జి.ఓ. 111 ఇచ్చింది. రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములు, సుమారు 1,32,000 ఎకరములు. అక్కడ కాలుష్యము కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు కూడదన్నారు. ఒక నూనెల కర్మాగారము వ్యవహారము సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, 2000 డిసెంబరులో కోర్టు ఈ చెరువుల పక్షమునే నిలిచింది. అయితే 2022లో ప్రభుత్వము జి.ఓ. 69 ద్వారా ఆంక్షలు తొలగిస్తున్నట్లు ప్రకటించింది. నగరము త్రాగే నీటిలో ఈ చెరువుల వాటా ఇప్పుడు చాలా తక్కువ అన్నది చెప్పిన కారణము. వరద సంగతి ఏమిటి? దానికి జవాబు నాకు కనబడలేదు.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పాలి. ఆంక్షలు తీసేయమని అడిగినవారందరూ దురాశాపరులు కారు. మొయినాబాదు, శంకర్‌పల్లి వైపు కూరగాయలు, పూలు పండించే రైతును తలచుకోండి. గట్టు అవతలి గ్రామములో ఎకరము కోట్లు పలుకుతూ ఉంటే, ఇతని ఎకరము ఎకరముగానే ఉండిపోయింది. ఆడపిల్ల పెండ్లికి, పిల్లవాని చదువుకు అప్పే గతి. పచ్చదనము నగరమునకు, నష్టము అతనికి. పైగా అతని కళ్ళ ఎదుటే ధనవంతుల ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. బలవంతునికి వంగి, బీదవానికి బిగిసిన చట్టమును ఎవరు ప్రేమిస్తారు?

సంఖ్యాకాండము 35వ అధ్యాయము చూడండి. లేవీయుల పట్టణములతోపాటు వాటి చుట్టూ పశువుల కొరకు పొలము కొలిచి ఇమ్మన్నారు. ఆ పొలమును అమ్మరాదని లేవీయకాండము 25వ అధ్యాయములో ఉన్నది. పాదిరిగారు తన వాటా అడుగుతున్నారనుకోకండి! అక్కడ కొలతతోపాటు ఆ నేల ఎవరి జీవనము కొరకో కూడా చెప్పబడింది. మన జి.ఓ.లో కొలత ఉన్నది గాని, జీవనము మాట లేదు.

దారి లేకపోలేదు. రోడ్డు వెడల్పులో స్థలము పోయిన యజమానికి, మరొకచోట అదనముగా కట్టుకొనే హక్కు పత్రము ఇస్తున్నారు. దానిని అమ్ముకోవచ్చు కూడా. పొలమును పొలముగానే ఉంచే రైతుకు అటువంటి పత్రము ఎందుకు ఇవ్వరాదు? నగరవాసుల నీటి బిల్లులో కొన్ని రూపాయలు ఆ గ్రామములకు ఎందుకు పోరాదు? బిల్లు కట్టేది మనమే గనుక, ఈ మాట మనమే ముందు అనాలి.

మనలో ఉద్యోగ విరమణ డబ్బుతో ప్లాటు కొనేవారు ఉన్నారు. వద్దనను. సంతకము పెట్టకముందు గ్రామ నక్షా తెప్పించి, ఆ సర్వే నంబరు గుండా వాగు గాని, చెరువు కాలువ గాని పోతున్నదేమో చూడండి. వేసవిలో ఎండిన వాగు మామూలు బాటలాగే కనబడుతుంది. ఆ ఊరి ముసలి రైతును ఒకరిని అడిగినా చెబుతాడు, వానాకాలములో నీళ్ళు ఎటు వస్తాయో.