ఈ రాత్రికి ఏం చెయ్యాలి?
(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ హింస గురించి మాట్లాడేటప్పుడు మనం చట్టం, కోర్టు, కేసు అంటాం. వినే స్త్రీ ప్రశ్న వేరు. "అదంతా రేపటి సంగతమ్మా. ఈ రాత్రి ఆయన తాగొచ్చి మీద పడితే నేనేం చెయ్యాలి? మంచం కింద కత్తిపీట పెట్టుకోనా?" అని ఒకామె నన్ను అడిగింది. ఈ ప్రశ్నను దాటవేసే హక్కు మనకు లేదు.

ముందుగా చట్టం చూద్దాం. ఆత్మరక్షణ హక్కు భర్త దగ్గర ఆగిపోదు. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. ప్రాణం పోతుందనో, తీవ్రంగా గాయపడతాననో సహేతుకమైన భయం కలిగినప్పుడు ఎదురుదెబ్బకు దాడి చేసినవాడు చనిపోయినా అది నేరం కాదు. యాసిడ్ దాడి భయాన్ని 2013లో చేర్చారు. అయితే హద్దులున్నాయి. అవసరానికి మించి కొట్టకూడదు. ప్రమాదం దాటిపోయాక కొట్టకూడదు. అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు ఉండదు.

ఈ హద్దులు వీధిలో ఇద్దరు మగవాళ్లు తలపడే సందర్భానికి సరిపోతాయి. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న స్త్రీ ఎదురు నిలబడి గెలవలేదు. బ్రిటన్‌లో 1989లో కిరణ్‌జీత్ అహ్లువాలియా నిద్రపోతున్న భర్తకు నిప్పంటించింది. యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఉద్యమించాక 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి ఆమె బయటపడింది ఆత్మరక్షణ వాదనతో కాదు, మానసిక స్థితి దెబ్బతిందన్న కారణంతో.

ఇక ఆయుధం మాట. కత్తిని బలమున్నవాడు లాక్కుంటాడు. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో కారప్పొడి, చీపుర్లు పనిచేశాయి. ఎందుకు? పట్టుకున్న చేతులు ఎన్నో కాబట్టి. తలుపు మూసిన గదిలో అదే కారం ఆమె కళ్లలో, పిల్లల కళ్లలో కూడా పడుతుంది.

అందుకే వస్తువు కన్నా ముందు దారి ఎంచుకోమని చెబుదాం. గొడవ పెరిగితే వంటింట్లోకి పోవద్దు. గడప వైపు నిలబడాలి. చేతికందేది పట్టుకుని కొట్టినా, అది తప్పించుకుని బయటపడడానికే. పక్కింటివాళ్లతో ఒక గుర్తు అనుకోవాలి: పళ్లెం మోగించడమో, ఈల వెయ్యడమో. రేషన్ కార్డు, ఆధార్, పిల్లల కాగితాలు, కాస్త డబ్బు నమ్మకమైన ఇంట్లో దాచాలి. 112, 181 నంబర్లు పిల్లలకూ నేర్పాలి. ఆసుపత్రిలో "జారిపడ్డాను" అనకుండా నిజం రాయించాలి. ఆ రాత్రి ఇల్లు విడిచినంత మాత్రాన ఇల్లు పోదు. 2005 గృహహింస చట్టం నివాస హక్కు ఇచ్చింది. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంత చెప్పినా, ఏ రాత్రో ఒక స్త్రీ తిరగబడి కొడుతుంది. అప్పుడు ఆమెను తప్పుపట్టే గుంపులో మనం ఉండకూడదు. వెంటనే లాయరును చూడాలి, ఆమె పాత గాయాల చరిత్ర కోర్టు ముందుకు తేవాలి.

కత్తిపీట అడిగినామెను నేను తిరిగి ఒకటే అడిగాను: "అర్ధరాత్రి తట్టితే మీ వాడలో ఎన్ని తలుపులు తెరుచుకుంటాయి?" చాలాసేపు ఆలోచించి, "ఒక్కటి" అంది. ఆ ఒకటిని పది చెయ్యడమే మన పని.