కాటా దగ్గర కూడా సాక్ష్యమే

 

క్రైస్తవుడి రోజువారీ బతుకు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నాను, కాబట్టి హాస్టల్లో మతం చెప్పను, చెప్పకూడదు కూడా. కొందరు విశ్వాసులు "అయితే నీ సాక్ష్యం ఏమిటక్కా?" అని అడుగుతుంటారు. పప్పు పలచబడకుండా చూడటం, పిల్లకు రావలసిన గుడ్డు పిల్ల పళ్లెంలోకే వెళ్లేలా చూడటం, రాత్రి జ్వరమొచ్చిన పిల్ల మంచం దగ్గర కూర్చోవడం. అక్కడ నా విశ్వాసానికి వేరే నోరు లేదు.

సాక్ష్యం అంటే మనకు ఆరాధనలో లేచి చెప్పేదే గుర్తొస్తుంది. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో యొప్పే ఊరి తబితాను చూడండి. దొర్కా అన్నా ఆమే. ఆమె నోటి మాట ఒక్కటీ బైబిల్లో లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపించారు. ఆమె గురించి చెప్పినవాళ్లు ఆమె మేలు పొందినవాళ్లే. సండే స్కూల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా నేను ఒకటి అడుగుతాను: మీ గురించి చూపించడానికి మీ పక్కింటివాళ్ల దగ్గర ఏముంది?

మన సంతకే వద్దాం. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకొని అమ్మలు తెల్లవారకముందే కొండ దిగుతారు. చాలామందికి కాటా మీద అంకె చదవడం రాదు. ఇప్పుడు చదువుకున్న మన కుర్రాళ్లే కొందరు మిరియాలు, కాఫీ కొంటున్నారు. సంతోషమే. కానీ కిలోకు వంద గ్రాములు కొట్టేస్తే, ఆ రాత్రి మైకులో ఎంత బాగా పాడినా ఆ అమ్మ నమ్మదు. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతను మాట్లాడింది డబ్బు గురించే కదా! అన్యాయంగా తీసుకుంది ఏదైనా ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

ఇంకొకటి. ఇది కొందరికి నచ్చదు, అయినా చెబుతాను. ఇటుకల పండుగ మొక్కులో చేరలేనని ఒకరంటే అది వాళ్ల మనస్సాక్షి. అందుకోసం ఊరు వాళ్లను దూరం పెట్టకూడదు. కానీ పక్కింట్లో చావు జరిగితే "అది వాళ్ల ఆచారం" అని తలుపేసుకోవడం నాకు మింగుడుపడదు. కట్టెలు మోయడానికి, నీళ్లు తేవడానికి, ఏడ్చే తల్లి పక్కన కూర్చోవడానికి ఏ మొక్కూ అడ్డురాదు. అవ్వాతాతల దేవతలను ఎగతాళి చేసే నోటితో ప్రేమ గురించి చెబితే ఎవరు వింటారు? ఆ అవ్వే కదా దుంపలు తవ్వి తెచ్చి మీ నాన్నను పెంచింది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. చర్చికి వెళ్లినా మనం తెగవాళ్లమే. చట్టం బయటికి పంపకపోతే మనమే ఎందుకు నడిచి వెళ్లడం?

మధ్యాహ్నం భోజనాలున్నాయి. వడ్డనకు యూత్‌వాళ్లు చాలామంది పేర్లు ఇచ్చారు. డేగిసాలు కడగడానికి మాత్రం ఇంకా ఇద్దరే ఉన్నారు. నాది మూడో పేరు రాసుకోండి.