వడ్డన నిలిచిన పంక్తి

సర్వరు మందగించినదనగానే మనము దానినే నిందింతుము. కాని లోపము ఒకొకప్పుడు సందేశములను అందుకొను క్లయింటు ప్రోగ్రాములో నుండును.

1981 నాటి టి.సి.పి. ప్రమాణము ననుసరించి, అందుకొనువాడు తన యొద్ద మిగిలిన చోటును పంపువానికి తెలుపుచుండును. ఆ చోటునే విండో యందురు. క్లయింటు ఒక సందేశము పని ముగించినగాని మరియొకటి చదువనిచో, ఆ విండో క్రమముగా సున్న యగును. సర్వరు పంపుట ఆపవలసివచ్చును. ఒకే థ్రెడ్డుతో అందరికిని పంపు సర్వరు అట్లు నిలిచినచో, పంక్తిలో ఒక్కని విస్తరివద్ద వడ్డించువాడు ఆగినట్లు, తక్కినవారందరు ఎదురుచూడవలెను.

కావున ఏ క్లయింటునకు పంపవలసిన బైట్లు పేరుకొనుచున్నవో, ఎవరినుండి సున్న విండో ప్రకటనలు వచ్చుచున్నవో మనము ముందు పరికింపవలెను. అట్టి క్లయింటులో చదువుటను, పనిచేయుటను వేరుచేయవలెను. వెనుకబడినవానికై సర్వరు వేచియుండుటకును గడువు విధింపవలెను. మూలము తెలియక కొన్న క్రొత్త యంత్రము కూడ ఆ విస్తరివద్దనే నిలుచును.