గాలిదుమారం, రాళ్లవాన: సోలార్ పలకల రక్షణ



ఉగాది దగ్గరపడే వేళకు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల రైతుకు ఒక కన్ను యాసంగి వరి మీద, ఇంకొక కన్ను మబ్బు మీద ఉంటుంది. మామిడితోట ఉన్నవారికి ఆ దిగులు మరీ ఎక్కువ. 2023 మార్చిలోను, మళ్లీ ఏప్రిల్‌లోను ఉత్తర తెలంగాణలో పడిన రాళ్లవాన మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇప్పుడు ఆ దిగులులోకి కొత్త ఆస్తి ఒకటి వచ్చి చేరింది. బాయికాడ సోలార్ పంపు, డాబా మీద సోలార్ పలకలు. మన ఊళ్లలో ప్లేట్లు అంటున్నారు.

"రాళ్లు పడితే అద్దాలు పగులుతాయి గదా, దీనికేమి ఉపాయం?" అని రైతులు అడుగుతారు. అడగవలసినదే. అయితే నన్నడిగితే మొదట చూడవలసినది అద్దాన్ని కాదు, కింది బోల్టును. రాళ్లవాన ఒక ఊరిమీద పడితే పక్క ఊరిని వదిలిపెడుతుంది. గాలిదుమారం అట్లా కాదు, ఏటేటా అందరినీ పలకరించి పోతుంది.

గాలి బలం ఎంతో లెక్క చూడండి. 5 హెచ్.పి. పంపుకు వేసే పలకలన్నీ కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు ఉంటాయి. గంటకు 100 కిలోమీటర్ల గాలి నిండుగా తగిలితే చదరపు మీటరుకు సుమారు 47 కిలోల ఒత్తిడి. అనగా మొత్తం మీద ఒక టన్నుకు పైగా. పలకల బరువా, మూడు నాలుగు వందల కిలోలు మించదు. గాలి వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది, రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఆ గాలి పలక కిందికి దూరి పైకెత్తినప్పుడు పట్టి ఉంచేది దిమ్మె, బోల్టు, క్లాంపు మాత్రమే.

కాబట్టి దిమ్మె పోసే రోజు మీరు అక్కడే నిలబడవలె. గుంత ఎంత లోతు, సిమెంటు ఎంత అన్నది కంపెనీ ఇచ్చే పటంలో ఉంటుంది. అది అడిగి తీసుకొని కొలిచి చూడండి. నల్లరేగడిలో మరింత జాగ్రత్త కావలె. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం నెర్రెలు బారే నేల అది. సరిగ్గా దుమారాలు వచ్చే నెలల్లోనే మట్టి దిమ్మెను వదిలి పక్కకు జరుగుతుంది. స్తంభాన్ని పట్టుకొని ఊపి చూడండి. కదిలితే పైపైన మట్టి కప్పి ఊరుకోవద్దు, కంపెనీ మనిషిని పిలిపించండి.

బోల్టులకు ఏడాదికి రెండుసార్లు పానా పెట్టవలె, ఉగాదికి ముందొకసారి, దసరా తర్వాత ఒకసారి. తుప్పు పట్టినవి, స్ప్రింగు వాషరు లేనివి మార్చండి. బలముంది గదా అని క్లాంపులను మరీ బిగించరాదు, అంచున అద్దం పగులుతుంది. ఇంకొక మాట: కొట్టం రేకుల మీద రాళ్లు పెట్టి ఊరుకొనే అలవాటు మనకున్నది. గాలికి లేచిన ఆ రేకే వచ్చి పలకలను కొడుతుంది. పక్కనున్న ఎండుకొమ్మలూ కొట్టించండి.

ఇక రాళ్ల సంగతి. పలక మీది అద్దం మామూలు కిటికీ అద్దం కాదు, కాల్చి గట్టిపరచినది. అంతర్జాతీయ పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచుగుండును గంటకు 83 కిలోమీటర్ల వేగంతో దానిమీద కొడతారు. ఉసిరికాయంత రాయికి కొత్త పలక చాలావరకు తట్టుకుంటుంది. నిమ్మకాయంత రాయి పడితే చెప్పలేము. అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిదింతలు, పడే వేగమూ ఎక్కువే, దెబ్బ సుమారు పదహారింతలు. అమెరికాలోని టెక్సాస్‌లో 2019 మే నెలలో మిడ్‌వే అనే ఒక్క సోలార్ కేంద్రంలోనే 4 లక్షలకు పైగా పలకలు రాళ్లకు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత అక్కడి పెద్ద కేంద్రాలు రాళ్లవాన సూచన రాగానే పలకలను నిటారుగా తిప్పి పెట్టుకొంటున్నాయి. ఏటవాలుగా తగిలిన రాయి జారిపోతుంది.

మన పంపు స్టాండ్లలో కొన్నిటికి వాలు మార్చే వీలున్నది. మరి మనమూ నిలబెడదామా? ఇక్కడే చిక్కు. రాళ్లకు నిలబెట్టవలె, గాలికి పడుకోబెట్టవలె. మన దిక్కున ముందు దుమారం, వెనుక రాళ్లు. నిలబెట్టిన పలక గాలికి తెరచాపే. మోటారుతో తిరిగే పెద్ద కేంద్రాలకు సాగిన పని మనకు సాగదు. కంపెనీ చెప్పిన వాలులోనే ఉంచి బిగింపు చూసుకొనుట మేలు. మబ్బు పట్టిన తర్వాత నిచ్చెన వేసుకొని బొంతలు కప్పబోవద్దు. పిడుగు పడితే ప్రాణమే పోతుంది. ఉత్త టార్పాలిన్ రాయిని ఆపదు, పైగా గాలి నింపుకొని స్టాండునే లాగుతుంది. పిడుగుల సూచనకు దామిని యాప్‌ను ఫోనులో పెట్టుకొనండి. సూచన రాగానే స్టార్టరు, పలకల వైపు స్విచ్చి ఆపి ఇంట్లోకి రండి.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్లవారికి ఒక మాట. పలకల ఇనుప చట్రాన్ని రేకుకు బిగించరాదు, రేకు కింది ఇనుప దూలానికి బిగించవలె. పాత సిమెంటు రేకులైతే అసలు వద్దు. డాబా మీద అంచులకు గాలి ఎత్తు ఎక్కువ, అంచు వదిలి లోపలికి పెట్టించండి.

వాన వెలిసిన తర్వాత పగిలిన పలకను తడి చేతులతో తాకవద్దు. పగిలినా పగటి వెలుతురులో కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. వరుసలో కలిపిన పలకలలో వందల ఓల్టులు ఉంటాయి. ఊరి లైను పోయినా ఆ తీగలు చావవు. పైకి పగులు లేకున్నా లోపలి బిళ్లలు చిట్లవచ్చును. నీటి ధార మునుపటికన్న తగ్గితే పరీక్ష చేయించండి.

కాగితాల సంగతి మరచిపోరాదు. 25 ఏళ్ల పూచీ అన్నది పలక ఇచ్చే కరెంటుకు గాని రాళ్లవానకు కాదు. కుసుమ్ పథకం పంపులకు మాత్రం 5 ఏళ్ల నిర్వహణలో ప్రకృతి వైపరీత్యాలకు, దొంగతనానికి బీమా కూడా కలిసి ఉండవలెనని మార్గదర్శకాలలో ఉన్నది. పంపు పెట్టిన రోజే బీమా కాగితం అడిగి తీసుకొనండి. పలకల వెనుక అంకెలు రాసిపెట్టి, ఫొటోలు తీసి ఉంచండి. నష్టం జరిగితే ముక్కలు ఎత్తివేయకముందే మళ్లీ ఫొటోలు తీసి, కాగితంలో ఉన్న గడువులోగా రాతపూర్వకంగా తెలియజేయండి. విస్తరణ అధికారులు ఊరికి వచ్చినప్పుడు పంట నష్టంతోపాటు ఈ అంకెలూ రాయించుకొంటే రైతుకు ఒక తిరుగుడు తప్పుతుంది.