మంచం పట్టిన రోగి – ఇంటివారి సేవ

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎముకలు, కీళ్ళు, నరాల జబ్బులతో ఉన్నవారికి చేయవలసిన నర్సింగు గురించి మాట్లాడమని నన్ను కోరారు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో పనిచేసినదాన్ని కనుక చెప్పేందుకు చాలా ఉంది. కాని ఆ ఉద్యోగానికి ముందు మా ఇంట్లో జరిగినదానితోనే మొదలుపెడతాను.

నా చిన్నతనంలో మా దాదీ స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ వద్దని పెద్దలు తీర్మానించి ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. కదిపితే కేకలు పెట్టేవారు. ఆ కేకలు వినలేక మేము కదపడమే మానేశాం. పాలు, గంజి, మందులు అన్నీ వేళకు ఇచ్చాం. ప్రేమలో లోపం లేదు. నాలుగో వారంలో గదిలో ఒక వాసన మొదలైంది. మా అమ్మ దుప్పటి తొలగించి చూస్తే నడుము కింద అరచేయంత పుండు, లోపల ఎముక కనబడుతున్నది. దాదీ పోయింది విరిగిన ఎముక వల్ల కాదండీ, ఆ పుండు వల్ల.

ఇది ఎలా వస్తుందంటే, మనిషి బరువంతా ఒకేచోట ఆనినప్పుడు లోపలి ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి నెత్తురు అందదు. మనం నిద్రలో కూడా తెలియకుండానే ఒత్తిగిల్లుతాం. తుంటి విరిగినవారు నొప్పివల్ల కదలరు. పక్షవాతం వచ్చినవారికి, వెన్నుపూస దెబ్బతిన్నవారికి కదిలే శక్తే ఉండదు, ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. కాబట్టి వారి బదులు మనం కదపాలి. వీపు మీద, కుడిపక్క, ఎడమపక్క, సుమారు రెండు గంటలకొకసారి, రాత్రి కూడా.

ఈ రెండు గంటల లెక్కకు ఒక చరిత్ర ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగిన సైనికులు చాలామంది పుండ్లతోనూ, మూత్రంలో చీముతోనూ చనిపోయేవారు. జర్మనీ నుండి శరణార్థిగా వచ్చిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వారికోసం ఒక విభాగం ప్రారంభించి, రేయింబవళ్ళు రెండేసి గంటలకు వారిని తిప్పించారు. 1948లో అక్కడి రోగులే చక్రాల కుర్చీల్లో కూర్చొని విలువిద్య పోటీల్లో పాల్గొన్నారు. నేటి పారాలింపిక్స్‌కు మూలం అదే.

తిప్పేటప్పుడు రోగిని ఈడ్వకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. కింద మడతపెట్టిన దుప్పటి ఉంచి, ఇద్దరు చెరోపక్క పట్టుకొని ఎత్తి జరపాలి. తుంటి ఆపరేషన్ అయినవారికి మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. ఎర్రబడినచోట వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్ళీ ఎర్రనైతే పరవాలేదు. నొక్కినా తెల్లబడకపోతే అది హెచ్చరిక. చామనఛాయ వారికి ఎరుపు కనబడకపోవచ్చు, అక్కడ వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. మేము ట్రైనింగులో స్పిరిటు, పౌడరు వేసి అక్కడే బాగా రుద్దేవాళ్ళం. అది తప్పని తర్వాత తేలింది; రుద్దితే లోపలి కండ మరింత దెబ్బతింటుంది. రింగులాంటి గాలిదిండు కూడా వాడవద్దు. ఎయిర్ బెడ్ మంచిదే, కాని అది ఉందని తిప్పడం మానకూడదు.

స్పర్శ లేని కాళ్ళకు వేడినీళ్ళ సంచి పెట్టకండి. కాలినా వారికి తెలియదు. పిండికట్టు వేసినా, పుత్తూరు కట్టు వేసినా వేళ్ళ మీద కన్నుంచండి. వేళ్ళు నీలంగా, చల్లగా మారినా, తిమ్మిరెక్కినా, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది, చెయ్యి జీవితాంతం వంకరపోతుంది.

ఇంకొక మాట, చెప్పడానికి కొంచెం మొహమాటమే. మన ఇళ్ళలో మంచం పట్టిన పెద్ద ఆడవారు నీళ్ళు తాగరు. దాహం లేక కాదు, బెడ్‌పాన్ కోసం కోడలిని పిలవడానికి సిగ్గు. దాంతో మూత్రంలో మంట, జ్వరం, మలబద్ధకం. అడిగించుకోకుండా వేళకు మనమే బెడ్‌పాన్ పెడితే ఆ సిగ్గు పోతుంది, నీళ్ళూ తాగుతారు. తుంటికీలు మార్చినవారు డాక్టరు చెప్పేదాకా నేలమీద కూర్చోకూడదు, ముందుకు వంగకూడదు. కుర్చీలో కూర్చొని నమాజు చేసే సౌకర్యం ఉండనే ఉంది. పట్టుదలకు పోయి సజ్దాకు వంగి కీలు జారినవారిని నేను చూశాను.

ఇదంతా ఒక్క కోడలు చేయగలదా? పగలు వంట, పిల్లలు, రాత్రి రెండు గంటలకొకసారి లేవడం. వారం తిరిగేసరికి ఆమే మంచం పడుతుంది. కొడుకులు ఖర్చు పెట్టామంటారు. సరే, ఖర్చు పెట్టారు. రాత్రి పన్నెండు గంటల వంతు ఎవరిది? కాగితం మీద వేళలు వేసి, ఎదురుగా పేర్లు రాసి గోడకు అంటించండి. మగవారి పేర్లు కూడా ఉండాలి.

ఇక సంఘం పెద్దలకు ఒక మనవి. హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్, మొదట నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆసుపత్రి అని మీకు తెలుసు. మనం అంత చేయలేం. కాని రెండు ఎయిర్ బెడ్లు, ఒక వాకర్, ఒక చక్రాల కుర్చీ, తల వైపు పైకి లేచే మంచం ఒకటి కొని ఆఫీసులో ఉంచితే, అవసరమైన ఇంటికి ఇచ్చి, పని తీరాక తెచ్చుకోవచ్చు. తిప్పే పద్ధతి నేర్పడానికి ఏ ఇంటికి రమ్మన్నా నేను వస్తాను. మా అత్తగారు వాడిన కమోడ్ కుర్చీ శుభ్రంగా కడిగి ఉంచాను. ఆదివారం ఎవరినైనా పంపి తెప్పించుకోండి.