దేవుని రాజ్యమున నొకే పంక్తి



ఇస్తాంబులు నగరములోని పురావస్తుశాలయం దొక రాతిపలక కలదు. 1871వ సంవత్సరమున క్లెర్మోఁ-గన్నో యను ఫ్రెంచి పండితుఁడు దానిని యెరూషలేములోఁ గనుఁగొనెను. ఆ కాలమున నా దేశము తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండుటచే నా పలక వారి రాజధానికిఁ జేరినది. దానిపై గ్రీకు భాషలో నేడు వరుసలు చెక్కఁబడి యున్నవి. అన్యజాతివాఁ డెవ్వఁడును దేవాలయము చుట్టు నున్న యీ యడ్డుగోడను దాఁటి లోనికిఁ బోరాదనియు, పోయి పట్టువడినవాఁడు తన చావునకుఁ దానే కారకుఁ డగుననియు దాని తాత్పర్యము. ఇట్టిదే మఱియొక పలక తునుక 1935లో దొరకినది.

ఆ గోడ యెత్తు 3 మూరలని యా కాలపు యూద చరిత్రకారుఁడు జోసీఫసు వ్రాసియున్నాఁడు. మన పశువులదొడ్డి గోడపాటిది. చుఱుకైన పిల్లవాఁడు దుమికి దాఁటఁగలఁడు. అయినను మనుష్యజాతిని రెండుగాఁ జీల్చి నిలిపిన గోడ యది. ఆ గోడకును, క్రైస్తవులు దేవుని రాజ్యమని చెప్పుదానికిని గల సంబంధమును గూర్చి నేఁడు నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను ప్రాచ్యకళాశాలలో వ్యాకరణమును, కావ్యములును జదివి, ముప్పదియేండ్లకుఁ బైగా గ్రామపాఠశాలలలోఁ దెలుఁగు చెప్పి విరమించినవాఁడను. మా యింటఁ దాతలనాఁటినుండి క్రైస్తవము. ఒక పదము చేతికిఁ జిక్కినచో దాని వ్యుత్పత్తి చెప్పక మానలేని యలవాటు నన్నింకను విడువలేదు. కావున ముందుగా రెండు పదములను విచారింతము.

'దేవుని రాజ్యము' అనఁగానే మనకుఁ గోటలు, సరిహద్దులు, పన్నులు తలఁపునకు వచ్చును. హెబ్రీలో 'మల్కూత్' అనియు, గ్రీకులో 'బసిలేయ' అనియు నున్న పదములు ముఖ్యముగాఁ దెలుపునది రాజు చేయు నేలుబడిని. మన వైయాకరణులును రాజుయొక్క భావమో కర్మమో రాజ్యమని చెప్పుదురు గదా! కాఁబట్టి దేవుఁడు రాజై యేలుటయే దేవుని రాజ్యము. ఆ యేలుబడికి లోఁబడినవా రెల్లరు నా రాజునకుఁ బ్రజలే. దానికి నేల కొలతలు లేవు.

రెండవ పదము 'అన్యజనులు'. హెబ్రీలోని 'గోయిమ్' అను మాటకుఁ గాని, గ్రీకులోని 'ఎత్నే' అను మాటకుఁ గాని మొదటి యర్థము 'జనములు' అనియే. సందర్భమునుబట్టి మన యనువాదకులు 'అన్య' శబ్దమును జేర్చిరి. యూదులు గాక మిగిలిన జనములన్నియు నందులోఁ జేరును: గ్రీకులు, రోమనులు, ఐగుప్తీయులు, తెలుఁగువారమైన మనమును. ఈ సంగతి మా సంఘములలోఁ దఱచుగా మఱపునకు వచ్చుచుండును. బైబిలు చదువుచుఁ జదువుచు మేము తెలియకయే యిశ్రాయేలీయుల ప్రక్కన బోయి కూర్చుందుము. ఇరుగుపొరుగువారిని 'అన్యులు' అని పిలుతుము. నిజమునకు నా గోడకు వెలుపల నిలువవలసినవారము మేమే.

అట్లని యూదులను గర్వాంధులని నిందించుట న్యాయము గాదు. అబ్రాహాము మూలమున భూమిమీఁది వంశములన్నియు నాశీర్వాదము పొందునని వారి గ్రంథమే చెప్పుచున్నది. దావీదు మహారాజు ముత్తవ్వ రూతు మోయాబు దేశపు స్త్రీ. దేవుని మందిరము సమస్త జనములకుఁ బ్రార్థనామందిరము కావలెనని యెషయా గ్రంథమునఁ గలదు. ఆలయపు వెలియావరణములోనికిఁ బరదేశులు రావచ్చును గూడ. మఱి లోపలిగోడ యెందులకు? క్రీస్తునకుఁ బూర్వము 167వ సంవత్సరమున అంతియొకసు ఎపిఫనేసు అను రాజు ఆ యాలయమును మైలపఱచెను. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను జంపించెను. నిషిద్ధాహారము తినుమని బలవంతపెట్టఁగాఁ దినక ప్రాణము విడిచినవారు కలరు. సున్నతియు, భోజననియమమును వారికిఁ బెద్దలు రక్తమిచ్చి కాపాడిన యాస్తి. ఈ సంగతి నెఱుఁగనిచోఁ దరువాతి వివాద మెంత కఠినమైనదో మనకు బోధపడదు.

యేసును ఆయన మొదటి శిష్యులును యూదులే. ఆయన తొలుత నిశ్రాయేలీయుల నడుమనే బోధించెను. అయినను కపెర్నహూములో నొక రోమను శతాధిపతి విశ్వాసమును జూచి యాశ్చర్యపడి, తూర్పు పడమరలనుండి యనేకులు వచ్చి అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులతోఁగూడ దేవుని రాజ్యమునఁ బంక్తిలోఁ గూర్చుందురని చెప్పెను. ఆయన యా రాజ్యమును మాటిమాటికి విందుతోఁ బోల్చినాఁడు. ఈ పోలికను మనసున నుంచుకొనుఁడు. రాజ్యము విందైనప్పుడు, ఎవరి ప్రక్కన నెవరు కూర్చుందురను ప్రశ్న తప్పదు.

ఆ ప్రశ్న మొదట పేతురునకు వచ్చినది. యొప్పే పట్టణములో నడిమధ్యాహ్నమున మిద్దెమీఁదఁ బ్రార్థించుచుండఁగా నాతని కాఁకలియైనది. అప్పు డాతనికి దర్శనములో నాకాశమునుండి పెద్ద దుప్పటివంటి దొకటి దిగినట్లు కనఁబడెను. అందు నిషిద్ధజంతువులు నుండెను. చంపి తినుమని మూఁడు మాఱులు వినఁబడెను, అతఁడు వల్లగాదనెను. అంతలోఁ గైసరయనుండి కొర్నేలి యను రోమను శతాధిపతి పంపిన మనుష్యులు తలుపు కడ నిలిచిరి. పేతురు వారితోఁ బోయెను. కొర్నేలి యింట నాతని బంధుమిత్రులకు బాప్తిస్మ మిప్పించెను. తిరిగి యెరూషలేమునకు రాఁగా నచ్చటివా రాతనిపై మోపిన నేర మేమి? సున్నతిలేనివారితోఁ గలసి భోజనము చేసితివనియే! బాప్తిస్మముకంటెఁ బంక్తిభోజనమే వారికి మొదటఁ దగిలినది.

సుమారు 49వ సంవత్సరమున నీ వివాదమును దీర్చుటకు యెరూషలేములోఁ బెద్దలు సభచేసిరి. అన్యజనులలోనుండి వచ్చినవారు సున్నతి పొంది యూదులు కానిదే రక్షణ లేదని యొక పక్షము. అక్కఱలేదని పౌలు, బర్నబాల పక్షము. పేతురును వీరి ప్రక్కనే సాక్ష్యము చెప్పెను. తుదకు యాకోబు తీర్పు చెప్పినాఁడు: సున్నతి భారము వారిపై మోపరాదు, విగ్రహముల కర్పించినదానిని, రక్తమును, గొంతు నులిమి చంపినదానిని, జారత్వమును మాత్రము వారు విడువవలెను. ఈ నిషేధములలో నెక్కువపాలు భోజనమునకు సంబంధించినవే. అన్యుఁడు యూదుఁడు కానక్కఱలేదు. కాని యూదుఁడు ప్రక్కనఁ గూర్చుండి తినలేని పదార్థమును మాత్ర మాతఁడు పంక్తిలోనికిఁ దేరాదు. ఒకరు తమ నియమమును సడలించిరి. ఒకరు తమ యిచ్చను దగ్గించుకొనిరి. గ్రామమునఁ దగవులు తీర్చిన మీకు నీ తీర్పులోని నేర్పు తెలియకపోదు.

కాని కాగితముమీఁది తీర్పు వేఱు, రాతిగోడ వేఱు. సుమారు 57వ సంవత్సరమునఁ బౌలు మకిదొనియ, అకయ దేశములలోని యన్యజనుల సంఘములవద్ద ధర్మద్రవ్యము ప్రోగుచేసి, యెరూషలేములోని పేదల కీయవచ్చెను. ఎఫెసు పట్టణస్థుఁడైన త్రోఫిము నగరములో నాతని వెంటఁ గనఁబడెను. ఆతనిని బౌలు గోడ దాఁటించి లోనికిఁ దీసికొనిపోయెనని కొంద ఱూహించి కేకలువైచిరి. పట్టణ మంతయు నుఱికి పౌలును జంపఁబోఁగా రోమను సైనికులు వచ్చి విడిపించి బంధించిరి. రెండేండ్లు కైసరయలో నాతఁడు చెఱలో నుండెను. అటుపిమ్మట రోమునకుఁ బంపఁబడెను. దాఁటించని గోడకొఱ కాతని స్వాతంత్ర్యము పోయినది. అతని పేర మనకు వచ్చిన యెఫెసీయ పత్రికలో, క్రీస్తు తన మరణముచేత నిరుజనముల నడిమిగోడను బడఁగొట్టి యిరువురి నొక్కనిగాఁ జేసెనని యున్నది. ఆలయపు గోడయే వ్రాసినవాని తలంపున నుండెనని పలువురు వ్యాఖ్యాత లందురు. రాతిగోడ మాత్రము 70వ సంవత్సరమున రోమనులు ఆలయమును దగులఁబెట్టినపుడు పడినది.

ఇరువురు నొక్కటగుట యనఁగా నొకరు మఱియొకరిని మ్రింగుట కాదు. దీనికిఁ బౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోఁ జెట్టు పోలిక చెప్పెను. మన తోఁటలలో మామిడి యంటు కట్టువారు టెంకమొక్క మొదటికి మంచిజాతి కొమ్మను గట్టుదురు. పౌలు చెప్పినది తలక్రిందులు: మంచి యొలీవచెట్టునకు నడవి యొలీవ కొమ్మ నంటించిరఁట! వేరు అబ్రాహాము మొదలగు పితరులు, సొంతకొమ్మలు యూదులు, అంటుకొమ్మ అన్యజనులు. ఇది స్వభావవిరుద్ధమని యాతఁడే యొప్పుకొనెను. అంటుకొమ్మ గర్వపడినచోఁ దన్ను మోయుచున్న వేరును దలఁచుకొనవలెనని హెచ్చరించెను. విఱిగిన సొంతకొమ్మలను మరల నంటించుట దేవునికి సాధ్యమనియుఁ జెప్పెను.

ఆ హెచ్చరికను మావారు మఱచిరి. అంటుకొమ్మ లధికారములోనికి రాఁగానే క్రొత్తగోడ వెలసినది. ఈ మాఱు వెలుపల నిలిచినవారు యూదులు. 1096లోఁ గ్రూసేడు యోధులు రైను నదీతీర పట్టణములలో వారిని వధించిరి. 1290లో ఇంగ్లండునుండియు, 1492లో స్పెయిన్‌నుండియు వారిని వెడలఁగొట్టిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలును వారికిఁ దోడ్పడినవారును సుమారు 60 లక్షల యూదులను జంపిరి. నాజీల సిద్ధాంతము క్రీస్తుబోధ కాదు. కాని శతాబ్దులుగా సంఘములలోఁ జల్లిన ద్వేష మా నేలను దున్నియుంచెనని తరువాత ననేక క్రైస్తవ సంఘము లొప్పుకొన్నవి. 1965 అక్టోబరు 28వ తేదీన రెండవ వాటికను మహాసభ యొక ప్రకటన చేసి, ఆ యొలీవచెట్టును మరల జ్ఞాపకము చేసినది. క్రీస్తు మరణదోషమును యూదజాతి యంతటిపై మోపరాదని చెప్పినది. అంటుకొమ్మ వేరును దలఁచుకొనుటకు నంతకాలము పట్టినది.

ఇఁక నొక ఘట్టమును గావలెననియే తుద కుంచితిని. అది అంతియొకయలో జరిగినది. యెరూషలేము సభకు ముందో వెనుకో యనుటలోఁ బండితులు భిన్నాభిప్రాయులు. అచ్చటఁ బేతు రన్యజనులతోఁ గలసి తినుచుండెను. యాకోబు నొద్దనుండి కొందఱు వచ్చిరి. వారికి భయపడి యాతఁడు మెల్లగాఁ బంక్తినుండి తొలఁగెను. తక్కిన యూదులును, తుదకు బర్నబాయు నట్లే చేసిరి. పౌలు అందఱియెదుటఁ బేతురును నిలదీసెను. పేతురు నమ్మకము మాఱలేదు. చూచువా రెవరో వచ్చిరి, అంతే.

ఈ ఘట్టము చదివినపు డెల్ల నాకుఁ బేతురును దప్పుపట్టుటకు నోరురాదు. కారణము చెప్పెదను.

నా కప్పటి కిరువదియైదేండ్లు. క్రొత్తగా నుద్యోగము వచ్చి యొక గ్రామమునఁ జేరితిని. కోఁతపండుగనాఁ డారాధనలో బైబిలు పాఠము చదివినవాఁడు కూలిచేసి బ్రతుకు నొక వృద్ధుఁడు. రాత్రిబడిలో నక్షరములు నేర్చినవాఁడు. ఆయన చదివినది యెఫెసీయ పత్రికలోని యా గోడ భాగమే. అందఱ మొకే రొట్టెలోఁ బాలుపొందితిమి. మధ్యాహ్నము ప్రేమవిందు. పందిరి నడుమ నొక తాటాకు తడిక యుండెను. ఇవతల భూవసతి గల కుటుంబములు, అవతలఁ గూలిజనము. కులము పే రెవ్వరు నెత్తలేదు. విస్తళ్లు వేసిన తీరే చెప్పినది. నన్నుఁ జేయిపట్టి యివతలఁ గూర్చుండఁబెట్టిరి. తడిక సందున నా వృద్ధుఁడు కనఁబడుచునే యుండెను. లేచి యటు పోవలెనని తోఁచినది. ఉద్యోగము క్రొత్త, అద్దెయిల్లు వారిది, ముందట వడ్డించిన విస్తరి. నేను లేవలేదు.

చేయి కడుగుకొనుచుండఁగా నాయన దగ్గఱకు వచ్చి, "పంతులుగారూ, పొద్దున నేను చదివింది మీకు వినపడిందాండీ? గొంతు సరిగా లేదు" అనెను. వినఁబడిన దంటిని. "సంతోషమండీ" అని వెడలిపోయెను. ఆయన గొంతునకు లోపమేమియు లేదని నా కెఱుకయే.

మఱుసటి యేఁడు తడిక కవతలికిఁ బోయితిని. ఆయన తన విస్తరిని గొంచెము ప్రక్కకు జరిపి చోటిచ్చెను. వెనుకటి మాట యెత్తలేదు. కొందఱు నాతోఁ బలుకుట మానిరి. కొన్నినెలలకు నద్దెయిల్లు మాఱవలసివచ్చినది. అంతకు మించి యేమియుఁ గాలేదు. ఇంతమాత్రమునకా యేఁడాది పాటు జంకితినని సిగ్గుపడితిని.

యెరూషలేములోని రాతిపలకపై శాసన ముండెను. చదువుకొన్నవాఁ డది చూచి యాఁగెను. మా తడికపై నక్షర మొక్కటియు లేదు. అయినను నందఱును జదివితిమి. దేవుని రాజ్యమున యూదుఁడును, అన్యుఁడును నొకే బల్లవద్దఁ గూర్చుందురని నమ్మువారము, ఒకే యూరివారమై వేఱు పంక్తులు తీర్చుకొన్నచో మా నమ్మకమును జూచి యితరు లేమనుకొందురు? ఈ మాట ముందుగా మా సంఘములకుఁ జెప్పుచున్నాను. తక్కిన పెద్దలును దమకుఁ దగినంత గ్రహింతురు గాక.

గ్రామములోఁ బెండ్లియైనను, పండుగయైనను బంతి యెక్కడనుండి యెక్కడకుఁ దీర్చవలెనో నిర్ణయించువారు మీరు. రాఁబోవు విందున విస్తళ్లు వేయుటకు ముందు, ఆవల నెవరైన నిలిచియున్నారేమో యొకసారి చూడుఁడని మనవి. నాకు సెలవు.